పేరొక్కటే, పిలుపులు వేరు

తెలుగువాళ్ళందరినీ ఒక్కటి చేసిన శక్తి ఏదని అడిగితే, కొందరు పండితులు తడుముకోకుండా "వెంకట నామం" అంటారు. వారి వాదం వినటానికి ముచ్చటగానే వుంటుంది. అగ్రహారంలో వెంకటశాస్త్రి వున్నాడు. దివాణంలో వెంకటాద్రినాయుడు వున్నాడు. మోతుబరి లోగిట్లో వెంకటరెడ్డి వున్నాడు. అంగట్లో వెంకటసుబ్బయ్యశెట్టి వున్నాడు. మాలపల్లెలో వెంకడు వున్నాడు. ఇందరికీ పేరొక్కటే, ఇందరికీ దేవుడొక్కడే. కనుక మన సమాజంలో కనిపించే తేడాలు పైపైవే, లోపల ప్రవహించేది సమైక్యతే, కులాలూ వర్గాలూ వైరుధ్యాలూ అంటూ మాట్లాడేవాళ్ళు లేని తగువులు తెచ్చిపెడుతున్నారు - ఇదీ వాదం.

ఈ మాటలు ఆ మధ్య ఒక ఉపాధ్యాయుల సభలో మళ్ళీ విన్నాను. చప్పట్లు బాగానే మోగాయి. చప్పట్లు కొట్టినవాళ్ళలో మనవాళ్ళు కూడా కొందరు వున్నారు. అంచేత ఈ నాలుగు మాటలూ రాయవలసి వచ్చింది.

పండితులిచ్చిన జాబితానే మరొకసారి చదవండి. మొదటివాడికి పేరు చివర శాస్త్రం వుంది. రెండోవాడికి నాయకత్వం వుంది. మూడోవాడికి వూరి పెత్తనం వుంది. నాలుగోవాడికి వ్యాపారం వుంది. చివరివాడికి ఏముంది? ఒక్క "డు" వుంది. సమైక్యత పేరు మొదట్లో కనిపిస్తున్నదన్న మాట నిజమే. కాని మనిషిని పిలిచేటప్పుడు నోటికి పని చెప్పేది పేరు మొదలు కాదు, పేరు చివర. మొదలు దేవుడిది, చివర సమాజానిది. పండితులు మొదలు చూపించి చివర దాచారు.

ముందు ఈ పేరు ఎక్కడిదో చూద్దాం. వెంకటమంటే దేవుడు కాడు, కొండ. సంగం కాలపు తమిళ కవులకు వేంకటం తమ దేశానికి ఉత్తరపు సరిహద్దు. దక్షిణాన కుమారి, ఉత్తరాన వేంకటం - వీటి నడిమి దేశం తమిళం మాట్లాడే లోకమని తొల్కాప్పియం పీఠిక చెపుతుంది. ఆ సరిహద్దుకు ఇవతల వున్నది మన భాషే. అకనానూరు కవితల్లో ఆ కొండ ప్రాంతం ఏనుగులు తిరిగే అడవి. కళ్వరులనే జనానికి నాయకుడైన పుల్లి ఏలిన సీమ. అటు తరవాత వచ్చిన శిలప్పదికారంలో ఆ కొండ మీద శంఖచక్రాలు ధరించి నిలబడిన విష్ణువు కనిపిస్తాడు. అంటే కొండకు పేరు ముందు, కొండ మీది దేవుడికి ఆ పేరు తరవాత, ఆ దేవుడి పేరు మనుషులకు ఇంకా తరవాత.

మరి, "వేం" అంటే పాపాలు, "కట" అంటే దహించటం, పాపాలను దహించేది గనుక వేంకటం అని స్థలమాహాత్మ్యాలు చెప్పే వ్యుత్పత్తి మాట? ఆ పదం పుట్టుక మీద భాషావేత్తలకు ఏకాభిప్రాయం లేదు. కాని ఒకటి మాత్రం స్పష్టం. అడవిలో బతికిన జనం ఆ కొండను ఆ పేరుతో పిలుచుకుంటూ వుండగా, పాపాలూ దహనాలూ తరవాత వచ్చి చేరాయి. అడవి జనానికి పాపాల లెక్క అక్కర్లేదు. కొండకు పేరు కావాలి, పెట్టుకున్నారు. పేరు పెట్టినవాళ్ళు చరిత్రలోంచి తప్పుకున్నారు, అర్థం చెప్పినవాళ్ళు మిగిలారు. మన సంస్కృతిలో ఇది చాలాచోట్ల జరిగిన పనే.

సరే, కొండ పేరు ఇంటింటి పేరు ఎట్లా అయింది? భక్తివల్ల అంటారు. భక్తిని నేను కాదనను. తాళ్ళపాక అన్నమయ్య (1408-1503) వేల సంకీర్తనలు ఆ దేవుడికే అంకితం చేశాడు, అవి రాగిరేకుల మీదికెక్కి సంకీర్తన భాండారంలో భద్రపడ్డాయి. కాని భక్తి ఒక్కటే గాలిలో ఎగిరివచ్చి పల్లెల మీద వాలలేదు. విజయనగర రాజులు ఆ గుడికి గ్రామాలిచ్చారు, సొమ్మిచ్చారు. కృష్ణదేవరాయలు ఏడుసార్లు తిరుమలకు వచ్చి కానుకలు సమర్పించాడు. బర్టన్ స్టెయిన్ అనే చరిత్రకారుడు 1960లో ప్రచురించిన వ్యాసంలో, ఆనాటి శాసనాల ఆధారంగా, ఈ గుడి ఆర్థికవ్యవస్థను వివరించాడు. దాతలిచ్చిన ద్రవ్యాన్ని గుడి తన గ్రామాల్లో చెరువులకూ కాలవలకూ వెచ్చించేది. పెరిగిన పంటలోంచి నైవేద్యం జరిగేది. నైవేద్యంలో దాతకు వంతు వుండేది. గుడి అంటే గంటా హారతీ మాత్రమే కాదు, భూమీ నీరూ ధాన్యమూ కూడా. వెంకట నామం ఆ కాలవల వెంట కూడా ప్రవహించింది. బిడ్డ బతికితే నీ పేరు పెట్టుకుంటానని మొక్కుకున్న తల్లి భక్తి ఎంత నిజమో, ఆ చెరువు కింద మడి దున్నినవాడి చెమట అంత నిజం. దేవుడికి జనం పెట్టుకున్న ముద్దుపేరు కూడా గమనించదగ్గది - వడ్డికాసులవాడు. జనానికి ఆర్థికశాస్త్రం పుస్తకాలు చదవకుండానే అర్థమవుతుంది.

ఇక తోకల సంగతి. శాస్త్రి అంటే శాస్త్రం చదివినవాడు. రావు రాజశబ్దం నుంచి పుట్టి, మరాఠీ పాలకుల కొలువుల మీదుగా మనదాకా వచ్చింది. నాయుడు నాయకుడే. రెడ్డి శబ్దాన్ని శాసనాల్లోని "రట్టగుడి", "రట్టోడి" రూపాలతో పరిశోధకులు ముడిపెడతారు, అది గ్రామపెత్తనం చేసే ఉద్యోగం. చౌదరి ఉత్తరదేశపు గ్రామాధికారి బిరుదు, కోస్తాలో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళలో విరివిగా పేర్లకు చేరింది. వీటిలో ఏ ఒక్కటీ పుట్టుకతో కులం కాదు. అన్నీ ఉద్యోగాలూ, హోదాలూ, బిరుదులే. ఉద్యోగం పోయింది, భూమి మిగిలింది. భూమితోబాటు బిరుదు మిగిలింది. ఆ బిరుదు వంశంలో ఇంకి కులమయింది. 1984లో కరణీకాలూ మునసబీలూ రద్దయినాయి. వాటి నీడలు మాత్రం హాజరుపట్టీల్లో ఈనాటికీ పడుతూనే వున్నాయి.

పేరు చివర ఏముండాలో యాదృచ్ఛికంగా తేలిన విషయం కాదు. మనుస్మృతి రెండో అధ్యాయం ఈ సంగతిలో ఏ దాపరికమూ పెట్టుకోలేదు. బ్రాహ్మణుడి పేరు శుభాన్నీ, క్షత్రియుడి పేరు బలాన్నీ, వైశ్యుడి పేరు ధనాన్నీ సూచించాలట. శూద్రుడి పేరు రోతను సూచించాలట. ఆ పేరు రెండో భాగం సేవకత్వాన్ని తెలపాలట. పేరంటే మనిషికి కట్టే చీటీ అని, ఆ చీటీ చూస్తే చాలు ఎవడితో ఎట్లా మాట్లాడాలో తెలిసిపోవాలని, ఆ శాస్త్రకారుడికి బాగా తెలుసు. మన ఆధునికులే అది మరిచిపోయి, పేర్లలో సమైక్యత వెతుకుతున్నారు.

తెలుగు పంతుళ్ళకు ఇక్కడ ఒక సందేహం రావచ్చు. "డు" ప్రథమావిభక్తి ప్రత్యయం గదా, అందులో అవమానమేముంది? డుమువులు పిల్లలకు వల్లె వేయించేది మనమే గదా? నిజమే. రాముడిలో "డు" వుంది, కృష్ణుడిలో వుంది, సాక్షాత్తు వేంకటేశ్వరుడిలోనూ వుంది. "గాడు" కూడా తన మానాన తాను తప్పు చేసింది కాదు. వేటగాడు, ఆటగాడు, అందగాడు, మొనగాడు - అన్నిటిలోనూ అదే ప్రత్యయం. వ్యాకరణం నిర్దోషి. కాని ఒక చిత్రం చూడండి. దేవుడు వేంకటేశ్వరుడు, ఏకవచనం. ఆయన పేరు పెట్టుకున్న వూరి పెద్ద వెంకటేశ్వర్లు, బహువచనం. ఆ పెద్ద పొలంలో పనిచేసేవాడు వెంకడు, మళ్ళీ ఏకవచనం. దేవుడూ పాలేరూ ఒక వచనంలో వున్నారు, నడుమనున్న పెద్దమనిషి ఒక్కడే పలువురయినాడు. వర్గసమాజంలో విభక్తులు కూడా ఎవరి పక్షం వహించాలో నేర్చుకుంటాయి.

అయ్య అనే మాట వుంది. వెంకయ్య అన్న పేరు అన్ని కులాల్లోనూ వుంది. తండ్రి, పెద్ద, గౌరవనీయుడు అనే అర్థం ఆ పేరులోనే ఇమిడి వుంది. పల్లెలో తల్లిదండ్రులు బిడ్డకు పెట్టుకున్న పేరు వెంకయ్యే. అయ్యను కోసి "డు" తగిలించింది పొలం గట్టు మీది దొర. "అయ్య" అని పిలిస్తే తన అయ్యతనం తరిగిపోతుందని అతని భయం. కనుక ఇది పేరు పెట్టటం కాదు, పేరు లాక్కోవటం. భూమి లాక్కున్న చేతికి అయ్యను లాక్కోవటం ఎంత పని?

ఆడవాళ్ళ మాట కూడా చెప్పాలి. లోగిట్లో వెంకటలక్ష్మమ్మగారు, వెంకాయమ్మగారు. వూడ్పుచేలో ఎంకి. "ఎంకి పెళ్ళి సుబ్బి చావుకొచ్చింది" అనే సామెత మనమంతా నవ్వుతూ వాడేదే. ఆ సామెతలో పెళ్ళి వెంకటలక్ష్మమ్మగారిది కాదు, చావు సుబ్బలక్ష్మమ్మగారిది కాదు. నవ్వుకోవటానికి దొరికే చావు ఎప్పుడూ సుబ్బిదే.

ఇక పండితుల సమైక్యతకు అసలు పరీక్ష పెడదాం. పేరొక్కటే గదా, దేవుడొక్కడే గదా, మరి ఆ పేరున్న మాలవాడూ మాదిగవాడూ ఆ దేవుణ్ణి చూశారా? 1920ల మధ్యలో తిరుచానూరు గుడిలో అడుగుపెట్టిన నేరానికి ఒక "పంచముడి"ని కోర్టుకెక్కించారు. అతను వెళ్ళింది దొంగతనానికి కాదు, దణ్ణం పెట్టుకోవటానికి. ఆ కేసులో అతని పక్షాన వాదించటానికి రాజగోపాలాచారి, సహాయనిరాకరణ వ్రతాన్ని పక్కన పెట్టి, చిత్తూరు కోర్టులో నిలబడవలసి వచ్చింది. మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశానికి పూర్తి చట్టం వచ్చింది 1947లో. అప్పటిదాకా వెంకడనే పేరు పెట్టుకోవచ్చు, వెంకన్నను చూడరాదు. పేరు మీద హక్కు వుంది, పేరు గలవాడి వాకిలి మీద లేదు. ఇదా సమైక్యత? ఇంతకంటె అన్యాయమైన పంపకం ఏ అన్నదమ్ముల మధ్యా జరిగి వుండదు.

మన సాహిత్యం ఈ పరీక్షలో ఎక్కడ నిలబడింది? గురజాడ వెంకట అప్పారావు "కన్యాశుల్కం"లో అగ్నిహోత్రావధాన్లు భార్య వెంకమ్మ, కొడుకు వెంకటేశం. లుబ్ధావధాన్లు నౌకరు అసిరిగాడు. అవధాన్లకు బహువచనం, నౌకరుకు "గాడు". గురజాడ కనిపెట్టి పెట్టాడు గాని సమర్థించలేదు, అద్దం పట్టాడు. ఆ నాటకాన్ని ఇన్నేళ్ళుగా పాఠం చెప్పే మనం అగ్నిహోత్రావధాన్ల కోపాన్ని చూసి నవ్వించాం, గిరీశం ఇంగ్లీషు చూసి నవ్వించాం. అసిరిగాడికి "గాడు" ఎందుకు వచ్చిందని ఏ పరీక్షలో ప్రశ్న ఇచ్చాం?

నండూరి వెంకట సుబ్బారావు "ఎంకి పాటలు" 1925లో పుస్తకంగా వచ్చాయి. ఆ అట్ట మీద ఒక తమాషా వుంది. కవి పేరులో వెంకట వుంది, నాయిక పేరు ఎంకి. రెండూ ఒకే పేరు. పల్లెపడుచును కావ్యనాయికను చేసిన ఆ కవి సాహసాన్ని తక్కువ చెయ్యను. కాని ఎంకిని నెత్తిన పెట్టుకున్న రసికులు తమ పొలంలో కలుపు తీసే ఎంకిని ఏమని పిలిచారు? పుస్తకంలో ఎంకి ముద్దు, పొలంలో ఎంకి "ఒసేయ్". పాటకు చప్పట్లు, కూలికి కోత. ఈ సౌందర్యదృష్టిలోని మోసాన్ని మనం బయటపెట్టకపోతే ఇంకెవరు పెడతారు?

వున్నవ లక్ష్మీనారాయణ ఇంకొక అడుగు ముందుకు వేశాడు. 1922 నాటి "మాలపల్లి"లో రామదాసు కొడుకు వెంకటదాసు. అది దాసరి సంప్రదాయపు గౌరవనామమే. కాని దాసు అంటే సేవకుడని మనువు చెప్పిన అర్థం కూడా ఆ పేరుకు అంటిపెట్టుకునే వుంది. భూస్వామి అన్యాయం భరించలేక తిరగబడిన రోజున వెంకటదాసు తన పేరును వదిలేశాడు, తక్కెళ్ళ జగ్గడయినాడు. అణిగి వుండటానికి పనికివచ్చిన పేరు తిరగబడటానికి పనికిరాలేదు. పేరుకూ పోరాటానికీ వున్న సంబంధాన్ని మన నవలల్లో ఇంత సూటిగా పట్టుకున్నది అరుదు.

ఇక్కడ మన సంస్కర్తలు అందుకుంటారు. "దీనికంతా పరిష్కారం సులభం. అందరూ తోకలు కోసేసుకుంటే సరి." ఈ మాటలో కొంత నిజం వుంది, ఆ నిజానికి గౌరవప్రదమైన చరిత్ర కూడా వుంది. 1929లో చెంగల్పట్టులో జరిగిన ఆత్మగౌరవ మహాసభలో తమిళ నాయకులు కులనామాలను వదిలేశారు, రామసామి తన పేరులోని నాయకర్‌ను తీసేశాడు. మన దేశంలో పుచ్చలపల్లి సుందరరామిరెడ్డి సుందరయ్య అయినాడు. ఆయన రెడ్డిని తీసేసి పెట్టుకున్నది ఏమిటో గమనించండి - అయ్య, అందరికీ చెందిన అయ్య. 1965లో దిగంబర కవులు ఇంటిపేర్లూ కులనామాలూ తుడిచేసుకుని కొత్త పేర్లతో వచ్చారు. వారిలో మహాస్వప్న అసలు పేరు కమ్మిశెట్టి వెంకటేశ్వరరావు. తమ మొదటి సంపుటిని ఒక రిక్షా కార్మికుడి చేత ఆవిష్కరింపజేశారు. ఆ తెగువను మెచ్చుకోవలసిందే. అయితే నగ్నముని, నిఖిలేశ్వర్, జ్వాలాముఖి అన్న కొత్త పేర్లు కూడా సంస్కృతపు సంచిలోంచి తీసినవే. ఒక్కరయినా ఎంకడని పెట్టుకోలేదు. దిగంబరత్వానికి కూడా ఒక హద్దు వుంది.

నా అభ్యంతరం ఆ త్యాగాల మీద కాదు, ఆ త్యాగాలను కొలబద్దగా మార్చటం మీద. తోక వున్నవాడు దాన్ని కోసుకుంటే త్యాగం. తోకే లేనివాడు ఏం కోసుకోవాలి? 1888లో హైదరాబాదులో పుట్టిన మాదరి భాగయ్య, భాగ్యరెడ్డి అయినాడు. 1913లో ఆర్యసమాజం వారు వర్మ బిరుదు ఇస్తే భాగ్యరెడ్డివర్మ అయినాడు. ఆదిహిందూ ఉద్యమానికి నాయకుడు, దళిత బాలలకు బళ్ళు పెట్టించినవాడు. సుందరయ్య రెడ్డిని దించుకున్నాడు, భాగ్యరెడ్డివర్మ రెడ్డిని ఎత్తుకున్నాడు. రెండు పనులూ ఒకదానికొకటి విరుద్ధంగా కనిపిస్తాయి. నిజానికి రెండూ ఒకే గోడను అటునుంచి ఒకరూ ఇటునుంచి ఒకరూ బద్దలు కొట్టటమే. "ఈ బిరుదు మీ అబ్బసొత్తు కాదు" అని ఒకరు వదిలేసి చెప్పారు, మరొకరు తీసుకుని చెప్పారు. కాని మన సభల్లో మొదటి పనికి చప్పట్లు దొరుకుతాయి, రెండో పనికి పెదవి విరుపు దొరుకుతుంది. ఆ పెదవి విరుపులో వున్నది అభ్యుదయం కాదు.

మరొక సంగతి. పాలకుర్తి ఐలమ్మ ఇంటిపేరు చిట్యాల. విసునూరు దేశముఖును ఎదిరించి తన చేను దక్కించుకున్న ఆమెను చరిత్ర చాకలి ఐలమ్మ అంటున్నది. 2024లో హైదరాబాదులోని మహిళా విశ్వవిద్యాలయానికి ఆ పేరే పెట్టారు. దొర నోట "చాకలి" అన్న మాట గడీ వెట్టిని గుర్తుచేసే తిట్టు. ఆమె కులస్తుల నోట అదే మాట గర్వం. మాట ఒక్కటే, ఎవరు ఎవరిని అంటున్నారన్నదాన్ని బట్టి అర్థం తలకిందులవుతుంది. కనుక తోకలుండాలా వద్దా అని సూత్రం గీసి అందరి మీదా ఒకే కత్తెర వెయ్యటం యాంత్రికవాదం. తోక ఎవరిది, ఎవరు తగిలించారు, దానివల్ల ఎవరికి ఏం ఒరిగింది అని అడగటం చారిత్రకదృష్టి. రావి నారాయణరెడ్డి తన రెడ్డిని వుంచుకునే దొరతనం మీద పోరాడాడు, ఆ పోరాటానికి ఫలితంగానే 1952లో నల్లగొండ ప్రజలు ఆయనను అఖండమైన ఆధిక్యంతో పార్లమెంటుకు పంపారు. తోక కోసుకుని పొలం మీద పట్టు సడలించని పెద్దలు కూడా మనకు కొత్తకాదు.

తోక వూడినంత మాత్రాన కులం వూడదని చూడటానికి దేశం దాటి వెళ్ళినా చాలు. పందొమ్మిదో శతాబ్దంలో చెరకుతోటల్లో పనికి మారిషస్‌కు కట్టుకూలీలుగా వెళ్ళినవాళ్ళ పేర్లను ఓడ గుమాస్తాలు తమకు వినిపించినట్లు రాసుకున్నారు. తండ్రి పేరు కొడుకుకు ఇంటిపేరయింది. వెంకటసామి అక్కడ ఇప్పటికీ ఇంటిపేరు. ఈనాడు అమెరికా వెళ్ళిన వెంకటేశ్వరరావూ, వెంకటరెడ్డీ, వెంకటదాసూ ఆఫీసులో ఒక్కటే - వెంకట్. దరఖాస్తు కాగితం మూడు తోకల్నీ ఒక్క దెబ్బతో కోసేసింది. ఏ సంస్కర్తా చెయ్యలేని పని అనిపిస్తుంది. కాని 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరసభ కులవివక్షను నిషేధిస్తూ శాసనం చేయవలసి వచ్చింది. కులం అక్కడికి చేరకపోతే శాసనమెందుకు? వెంకట్ అన్న పేరు విని తృప్తిపడనివాళ్ళు ఇంటిపేరు అడుగుతారు, వూరడుగుతారు, ఏం తింటావని అడుగుతారు. తోక కనిపించకపోతే తడిమి చూస్తారు.

అయితే పేర్ల విషయంలో మనం చేయగలిగిందేమీ లేదా? భూమి పంపిణీ జరిగి, కులం వేళ్ళు తెగేదాకా చేతులు ముడుచుకు కూచోవాలా? అట్లా అనుకోవటం సోమరితనానికి సిద్ధాంతం తొడగటం. నేను చేసిన ఒక తప్పు చెప్పి ఈ వ్యాసం ముగిస్తాను.

నలభయ్యేళ్ళ కింద నేనొక పల్లెటూరి బళ్ళో పంతులుగా వున్నాను. జూన్ నెలలో ఒక తండ్రి కొడుకును చేర్పించటానికి వచ్చాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచి, తువ్వాలు చంకలోకి తీసుకుని, గోడవారగా నిలబడ్డాడు. పిల్లవాడి పేరు అడిగాను, చెప్పాడు. తండ్రి పేరు అడిగాను. "ఎంకడండయ్యా" అన్నాడు. నేను రిజిస్టర్లో "వెంకడు" అని రాసుకున్నాను. "ఎ"ను "వె"గా దిద్దాను. అది నా తెలుగు పాండిత్యం. అప్పటికే నేను అభ్యుదయ సాహిత్యం చదివినవాణ్ణి, ఉపన్యాసాలు ఇచ్చినవాణ్ణి. అదే ఉదయం అదే రిజిస్టర్లో ఇంకొక తండ్రి పేరు "వెంకటేశ్వర్లుగారు" అని గారుతో సహా రాశాను. రెండు పేర్లకూ నడుమ నాలుగు వరసలే వున్నాయి. నాకు ఆ నాలుగు వరసలూ కనిపించలేదు.

పదేళ్ళకు ఆ పిల్లవాడు పదో తరగతి పాసై నా దగ్గరికి వచ్చాడు. సర్టిఫికెట్టులో తండ్రి పేరు వెంకడు అని అచ్చయి వచ్చింది. "మా నాయన పేరు వెంకయ్య సార్. మా తాత పెట్టింది వెంకయ్యే. మా గుడిసెలో అందరూ వెంకయ్యనే అంటారు. మీరు అడిగిన రోజున మా నాయన మీకు చెప్పాల్సిన పేరు చెప్పాడు, తన పేరు చెప్పలేదు" అన్నాడు. ఆఫీసుకు వెళితే రుజువు తెమ్మన్నారు. రేషను కార్డు తీస్తే అందులో వెంకడు. ఓటర్ల జాబితా తీస్తే అందులో వెంకడు. అన్నిటికీ మూలం మా బడి రిజిస్టరో, మాలాంటి మరొక రిజిస్టరో. ఒక దొర నోటిమాటను ప్రభుత్వ రికార్డుగా మార్చిన గుమాస్తాను నేనే. ఆ సర్టిఫికెట్టు చివరకు మారలేదు. ఆ కుర్రవాడు దానితోనే వుద్యోగంలో చేరాడు.

"మీకు చెప్పాల్సిన పేరు" అన్నాడే, ఆ మాట మీద ఆలోచించండి. ఆ తండ్రికి రెండు పేర్లున్నాయి. ఒకటి తనవాళ్ళ కోసం, ఒకటి మన కోసం. మనముందు నిలబడినప్పుడు ఏ పేరు చెప్పాలో తరాల భయం అతనికి నేర్పింది. ఆ భయాన్ని ఆ పూట నేను తుడవగలిగి వుండేవాణ్ణి. "వెంకయ్యగారూ, కూచోండి" అంటే సరిపోయేది. దానికి విప్లవం అక్కర్లేదు, ఒక కుర్చీ చాలు.

కనుక నా ప్రతిపాదనలు చిన్నవి. మన కథల్లో, నాటకాల్లో, వ్యాసాల్లో రచయిత తన గొంతుతో ఎవర్నీ "గాడు" అనరాదు. పాత్ర నోట అనిపిస్తే, ఆ పాత్రను తప్పుబట్టే చూపు రచనలో వుండాలి. "కన్యాశుల్కం" చెప్పే ప్రతి పంతులూ అసిరిగాడి పేరు దగ్గర ఒక్క పది నిమిషాలు ఆగాలి. హాజరుపట్టీలో ఒకరికి గారు వుంటే అందరికీ వుండాలి, లేకపోతే ఎవరికీ వుండరాదు. రికార్డుల్లో తండ్రుల పేర్లు దిద్దించుకోవటానికి వచ్చే పిల్లలను రుజువుల పేరుతో తిప్పరాదని మన ఉపాధ్యాయ సంఘాలు తీర్మానాలు చేసి, ఆ తీర్మానాల వెంట ఆఫీసులదాకా నడవాలి. ఎవరు ఏ పేరుతో పిలవమంటే ఆ పేరుతోనే పిలవాలి. తోక పెట్టుకున్న భాగయ్యను చూసి నవ్వేముందు, ఆయనకు తోక లేకుండా చేసిందెవరో గుర్తు తెచ్చుకోవాలి.

వీటితో కులం పోతుందని నేను చెప్పటం లేదు. వెంకయ్యకు అయ్య తిరిగి వచ్చినంత మాత్రాన అతను దున్నే మడి అతనిది కాదు. మడి కోసం చేసే పోరాటం చెయ్యవలసిందే, అదే అసలు పోరాటం. కాని తన పేరు చెప్పటానికి జంకేవాడు తన మడి ఎట్లా అడుగుతాడు? పండితులు చెప్పే సమైక్యత ఏనాటికయినా నిజం కావాలంటే, అది వెంకట అన్న మొదటి భాగంలో రాదు. చివరి భాగంలో రావాలి. అందాకా, పేరొక్కటే గదా అని మురిసిపోయేవారికి మన సమాధానం ఒక్కటే: పేరొక్కటే, పిలిచే నోళ్ళు వేరు, ముందు ఆ నోళ్ళను దిద్దుకోండి. మొదట నాది, తరవాత మీది.